పలాస వైపు జీడిపప్పు ఆఫీసులో లేవని ఉబుంటు మెషీను: ఒక పూర్తి కేస్

ముందే చెప్తున్నా, ఊరు, షాపు, మనుషుల పేర్లు ఏవీ రాయట్లేదు, గుర్తుపట్టే వీలున్న ఒకట్రెండు వివరాలు మార్చాను కూడా. పలాస-కాశీబుగ్గ చుట్టుపక్కల జీడి యూనిట్లు బోలెడు ఉన్నాయి, అందులో ఒకటి అనుకోండి చాలు. ఉబుంటు అంటే లైనక్స్‌లో ఒక రకం, కెర్నల్ అంటే దాని గుండెకాయ లాంటి ప్రోగ్రాము. కెర్నల్ అప్‌డేట్ తర్వాత లైనక్స్ బూట్ అవ్వకపోవడం, అంటే ఆన్ చేస్తే మెషీను లేవకపోవడం, కొత్త సంగతేం కాదు, పాత కెర్నల్ ఎంచుకుంటే సగం కేసులు అక్కడే తేలిపోతాయి. ఈ కేస్ అలా తేలలేదు, ఎందుకంటే నా దగ్గరకి వచ్చేసరికి అసలు ఫాల్ట్ మీద ఇంకో ఫాల్ట్ కూర్చుని ఉంది, పైగా అందరూ నమ్మిన కారణం అసలు కారణం కాదు.

మెషీను సంగతి

ఆఫీసు మొత్తానికి ఒకటే కంప్యూటరు. పిక్కల బస్తాల కొనుగోలు, గుండ్లు బద్దలు గ్రేడుల వారీగా అమ్మకం, ఒలిచే ఆడవాళ్ళ కూలి లెక్కలు, జీఎస్టీ బిల్లులు అన్నీ అందులోనే. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ బ్రౌజర్లో నడుస్తుంది, వెనకాల మరియాడీబీ అనే డేటాబేస్. ఎప్పుడో ఎవరో ఉబుంటు 20.04 వేసి ఇచ్చారు, తర్వాత 22.04కి అప్‌గ్రేడ్ అయింది. వేసినాయన ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డిస్క్ ఎన్‌క్రిప్ట్ చెయ్యమని, అంటే పాస్‌ఫ్రేజ్ అనే పాస్‌వర్డు కొట్టకపోతే చదవలేనట్టు తాళం వెయ్యమని, టిక్కు పెట్టాడు. మంచి పనే, కానీ ఆ ఒక్క టిక్కు వల్ల డిస్కు లేఅవుటే మారిపోతుంది, ఈ కేసంతా దాని చుట్టూనే తిరుగుతుంది కాబట్టి కొంచెం చెప్తాను.

మామూలుగా ఉబుంటు వేస్తే బూట్ ఫోల్డరు కూడా రూట్ పార్టిషన్లోనే (అసలు సిస్టమ్ ఉండే డిస్కు ముక్కలోనే) ఉంటుంది, ఖాళీ బోలెడు. ఎన్‌క్రిప్షన్ పెడితే మాత్రం మూడు ముక్కలవుతుంది. మొదటిది మెషీను ఆన్ అవ్వగానే చూసే ఈఎఫ్ఐ పార్టిషన్, రెండోది తాళం లేని చిన్న బూట్ పార్టిషన్, మూడోది లక్స్ (లైనక్స్‌లో డిస్కు ఎన్‌క్రిప్ట్ చేసే పద్ధతి) తాళం వేసిన పెద్ద ముక్క, దాని లోపల చోటుని వాల్యూములుగా పంచే ఎల్‌వీఎం, అందులో అసలు సిస్టమూ డేటా. కెర్నల్ ఫైలూ, బూట్ అయ్యేటప్పుడు ముందుగా నడిచే చిన్న సిస్టమ్ ఉన్న ఇనిట్‌ఆర్‌డీ ఫైలూ ఆ చిన్న బూట్ పార్టిషన్లో ఉంటాయి. ఈ మెషీన్లో దాని సైజు సుమారు 700 ఎంబీ. ఒక్కో కెర్నల్‌కి ఇనిట్‌ఆర్‌డీయే 100 ఎంబీకి అటూ ఇటూ తినేస్తుంది, మిగతా ఫైళ్ళు కలిపితే 125 దాకా వస్తుంది. ఆరో కెర్నల్ వచ్చేసరికి చోటు అయిపోతుందని ఎవరైనా లెక్కేసుకోవచ్చు, కాకపోతే ఆ లెక్క వేసే మనిషి అక్కడ లేడు.

ఇంకో ముక్క. రౌటరు వెనకింట్లో ఉంది, అందుకని కంప్యూటరుకి ఒక యూఎస్‌బీ వైఫై డాంగిల్ పెట్టారు. దాని డ్రైవరు కెర్నల్‌తో రాదు, డీకేఎంఎస్ అనే పనిముట్టు ద్వారా ప్రతి కొత్త కెర్నల్‌కీ విడిగా బిల్డ్ అవ్వాలి. ఈ డాంగిల్ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

ఫోన్లో విన్నది

ఓనరు గారు ఫోన్ చేసి చెప్పింది ఇది: "రాత్రి కరెంటు పోనాది బాబూ, ఇన్వర్టరు కూడా ఆగిపోనాది, పొద్దున్న ఆన్ సేత్తే ఏదో ఇంగ్లీషు రాసీసి ఆగిపోతంది. హార్డ్ డిస్కు పోనాదంతన్నారు. 20వ తారీకు దగ్గర పడిపోతంది, లెక్కలన్నీ దాన్లోనే ఉన్నాయి." నెలవారీ జీఎస్టీ 3బీ రిటర్నుకి 20వ తేదీ గడువు, అదీ ఆయన కంగారు.

ఫోన్లో నేను అడిగేది ఎప్పుడూ ఒకటే, ఇప్పుడు స్క్రీన్ మీద ఏముందో అక్షరం అక్షరం చదవమంటాను. బ్రాకెట్లో ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అని ఉంది, పక్కన గీత కొట్టుకుంటోంది అన్నారు. అంటే బిజీబాక్స్ షెల్, ఇనిట్‌ఆర్‌డీ నడుస్తూ మధ్యలో ఆగిపోతే కమాండ్లు కొట్టడానికి వచ్చే స్క్రీను. సరే అనుకుని, మొదటి రోజు కూడా ఇదే వచ్చిందా అని అడిగాను. "లేదు బాబూ, అప్పుడు స్క్రీను నిండా రాసీసింది, కీబోర్డు మీద లైట్లు మిణుకు మిణుకుమన్నాయి" అన్నారు. మొదటి రోజు ఆయన తన మేనల్లుడికి వాట్సాప్‌లో ఫొటో తీసి పంపారట, అది నాకు ఫార్వర్డ్ చేయించుకున్నాను. అందులో చివరి లైను కెర్నల్ ప్యానిక్, నాట్ సింకింగ్, వీఎఫ్ఎస్ అన్‌ఏబుల్ టు మౌంట్ రూట్ ఎఫ్ఎస్ ఆన్ అన్‌నోన్ బ్లాక్ 0,0.

ఈ రెండు స్క్రీన్లూ ఒకే జబ్బువి కావు. మెషీను లేవడం అంటే ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి పని మారడం: మదర్‌బోర్డులోని యూఈఎఫ్ఐ గ్రబ్ అనే బూట్ లోడర్‌ని పిలుస్తుంది, గ్రబ్ కెర్నల్‌నీ ఇనిట్‌ఆర్‌డీనీ మెమరీలోకి ఎక్కిస్తుంది, కెర్నల్ లేచి ఇనిట్‌ఆర్‌డీ లోపలున్న చిన్న సిస్టమ్‌ని నడిపిస్తుంది, అది పాస్‌ఫ్రేజ్ అడిగి తాళం తీసి అసలు రూట్‌ని మౌంట్ చేస్తుంది (వాడుకునేలా తగిలిస్తుంది), అక్కడ్నించి మిగతావన్నీ లేపే సిస్టమ్‌డీ. మొదటి ఫొటో ప్రకారం కెర్నల్ లేచింది కానీ దాని చేతికి ఇనిట్‌ఆర్‌డీ అందలేదు, అన్‌నోన్ బ్లాక్ 0,0 అని వస్తే నేను ముందు అనుమానించేది అదే. తాళం వేసిన డిస్కుని కెర్నల్ ఒక్కటే తెరవలేదు, తెరిచే పనిముట్లు ఇనిట్‌ఆర్‌డీలోనే ఉంటాయి. ఇప్పుడున్న స్క్రీన్ ప్రకారం ఇనిట్‌ఆర్‌డీ వచ్చింది, నడిచింది కూడా, కానీ రూట్‌ని కనుక్కోలేకపోయింది. ఫాల్ట్ దానంతట అది ఒక మెట్టు ముందుకి జరగదు, మధ్యలో ఎవరో చెయ్యి పెట్టారన్నమాట. ఎవరెవరు ముట్టుకున్నారో చెప్పమన్నాను, మెషీనుని అలాగే వదిలెయ్యమన్నాను, ముఖ్యంగా ఎవరొచ్చి ఫార్మాట్ అన్నా ఒప్పుకోవద్దన్నాను.

ముందు జరిగిన వైద్యం

మొదట బజార్లో కంప్యూటర్ రిపేరు షాపతను వచ్చాడు. ర్యామ్ తీసి రబ్బరుతో తుడిచి పెట్టాడు, సాటా కేబుల్ మార్చాడు, మళ్ళీ అదే ప్యానిక్. డిస్కు పోయింది, కొత్త ఎస్ఎస్‌డీ వేసి విండోస్ ఎక్కిస్తాను అన్నాడు. అతన్ని తప్పుపట్టను, ఆ బజార్లో వచ్చే కేసుల్లో ఎక్కువ భాగం ర్యామూ కేబుళ్ళే. కానీ స్క్రీన్ మీద కెర్నల్ అంత చక్కగా తన బాధ రాసి చెప్తోంది అంటే ర్యామూ ప్రాసెసరూ పనిచేస్తున్నట్టే, బూట్ పార్టిషన్ నుంచి కెర్నల్ చదవగలిగింది అంటే డిస్కు కూడా పూర్తిగా పోలేదన్నట్టే.

తర్వాత మేనల్లుడు. విజయనగరంలో ఇంజనీరింగ్ చదువుతున్న కుర్రాడు, తెలివైనవాడు, ఫొటో చూసి ఇనిట్‌ఆర్‌డీ లేదని సరిగ్గానే పట్టుకున్నాడు. లైవ్ యూఎస్‌బీ (పెన్‌డ్రైవ్ నుంచే నడిచే ఉబుంటు) తెచ్చి, సీహెచ్‌రూట్ చేసి (దాన్లోంచి డిస్కులోని సిస్టమ్ లోపలికి వెళ్ళి), బూట్ పార్టిషన్ నిండిపోయిందని చూసి పాత కెర్నల్ ఫైళ్ళన్నీ ఆర్ఎమ్ (ఫైళ్ళు చెరిపే కమాండు) కొట్టి చోటు చేసి, కొత్త కెర్నల్‌కి ఇనిట్‌ఆర్‌డీ తయారు చేసి, గ్రబ్ మెనూని తిరగరాసే అప్‌డేట్-గ్రబ్ కూడా నడిపాడు. అన్నీ సరైన పనుల్లాగే ఉన్నాయి కదా. రీబూట్ చేస్తే ప్యానిక్ పోయి బిజీబాక్స్ వచ్చింది, పాస్‌ఫ్రేజ్ అడగనే లేదు. ఇక అతనికి భయమేసి ఆగాడు. ఆగడం మంచిదైంది.

ఫోన్లో అడిగాను, "తమ్ముడూ, ఇనిట్‌ఆర్‌డీ చేసినప్పుడు స్క్రీన్ మీద ఏమైనా వచ్చిందా?" "ఎర్రర్ ఏం రాలేదన్నా, ఏదో వార్నింగ్ వచ్చింది, వార్నింగే కదా అని వదిలేసా." క్రిప్ట్‌సెటప్ (లక్స్ తాళం తీసే ప్రోగ్రాము) అనే మాట ఉందా అంటే ఉందన్నాడు. ఆ మాటతో నాకు సగం అర్థమైంది, అయినా కళ్ళతో చూసేదాకా నిర్ణయించుకోలేదు.

అక్కడికెళ్ళాక

ముందు ఆ బిజీబాక్స్ షెల్‌నే వాడుకున్నాను. చాలామంది అది కనపడగానే రీసెట్ నొక్కేస్తారు, అది ఎర్రర్ స్క్రీన్ కాదు, లోపల ఏముందో చూసుకోవడానికి ఇచ్చిన కిటికీ. స్లాష్ డెవ్ లోపల చూస్తే ఎస్‌డీఏ (ఈ డిస్కు పేరు), దాని మూడు పార్టిషన్లూ కనిపించాయి, డిస్కు బతికే ఉంది, సాటా డ్రైవరు కూడా లోడైంది. పార్టిషన్ల రకం చెప్పే బ్లాక్-ఐడీ కమాండు కొడితే మూడో పార్టిషన్ టైపు క్రిప్టో లక్స్ అని చెప్పింది, తాళం వివరాలుండే హెడరు ఉన్నట్టే. స్లాష్ డెవ్ స్లాష్ మ్యాపర్‌లో కంట్రోల్ అనే ఒక్క ఫైలు తప్ప ఏమీ లేదు, అంటే తాళం తీసే ప్రయత్నమే జరగలేదు.

అక్కడ్నించే చేత్తో తాళం తీసి బూట్ కొనసాగిద్దామని క్రిప్ట్‌సెటప్ ఓపెన్ కొట్టి చూసాను. నాట్ ఫౌండ్. ఆ ఇనిట్‌ఆర్‌డీలో క్రిప్ట్‌సెటప్ ప్రోగ్రామే లేదు. ఈ దారి మూసుకుపోయింది కానీ నాకు కావాల్సిన సాక్ష్యం దొరికింది: ఇనిట్‌ఆర్‌డీ తయారైనప్పుడు ఈ సిస్టమ్‌కి ఎన్‌క్రిప్షన్ ఉందన్న సంగతే దానికి తెలియలేదు.

తర్వాత పాత కెర్నల్ ఏదైనా మిగిలిందేమో చూద్దామని గ్రబ్ మెనూ. ఇది యూఈఎఫ్ఐ మెషీను కాబట్టి షిఫ్ట్ పట్టుకుంటే రాదు, ఎస్కేప్ నొక్కాలి, అదీ సరైన క్షణంలో ఒక్కసారి. గాభరాగా టకటకా నొక్కితే మెనూ దాటిపోయి గ్రబ్ ప్రాంప్ట్‌లో పడతాం. అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో ఒకే ఒక్క కెర్నల్, దాని రికవరీ మోడ్. కుర్రాడు మిగతావి చెరిపేసి అప్‌డేట్-గ్రబ్ నడిపాడు కదా. రికవరీ మోడ్ మీద ఓనరు గారు ఆశ పెట్టుకున్నారు కానీ అది వేరే కెర్నల్ కాదు, అదే కెర్నల్, అదే ఇనిట్‌ఆర్‌డీ, పారామీటర్లు మాత్రమే వేరు. అయినా నడిపి చూపించాను, మళ్ళీ అదే బిజీబాక్స్.

ఇక లైవ్ యూఎస్‌బీ తప్పదు. అదే 22.04ది తీసుకెళ్ళాను.

రిపేరు కంటే ముందు డేటా

ఇక్కడ ఓనరు గారికీ నాకూ చిన్న వాదన. "ముందు బాగుసెయ్యండి బాబూ, కాపీలు తరవాత" అని ఆయన. నా లెక్క వేరు. ఈ మెషీనుని ఇప్పటికే ఇద్దరు కెలికారు, నేను మూడోవాణ్ణి, ఇందులో లక్స్ హెడరు దెబ్బతింటే ఎవరొచ్చినా ఒక్క బిల్లు కూడా తియ్యలేరు. పాస్‌ఫ్రేజ్ గుమస్తా గారి డైరీలో వెనక అట్ట లోపల ఉంది, ఏ క్లయింటు దగ్గరైనా అలాంటిచోటే ఉంటుంది లెండి.

డిస్కు తన ఆరోగ్యం గురించి ఇచ్చే స్మార్ట్ రిపోర్టు చూసాను, రీ-అలొకేటెడ్ సెక్టార్లూ పెండింగ్ సెక్టార్లూ (పాడైన చోట్లు, అనుమానంగా ఉన్న చోట్లు) రెండూ సున్నా. డిస్కు పోయిందన్న మాట అక్కడితో కొట్టిపడేశాం. తర్వాత క్రిప్ట్‌సెటప్‌తో లక్స్ హెడరు బ్యాకప్ ఒక ఫైలుగా తీసి నా డ్రైవ్‌లో పెట్టుకున్నాను, కొన్ని ఎంబీల ఫైలు, కానీ తాళంచెవుల పెట్టె మొత్తం అదే. ఆ తర్వాత తాళం తీసి, రూట్‌ని రీడ్-ఓన్లీగా మౌంట్ చేసి, మరియాడీబీ డేటా ఫోల్డరు మొత్తం, బిల్లింగ్ ఫోల్డరు, హోమ్ ఫోల్డరు బయటి హార్డ్ డిస్కులోకి కాపీ చేసాను. డేటాబేస్ నడవట్లేదు కాబట్టి ఫైళ్ళు అలాగే ఎత్తుకున్నా ఫర్వాలేదు, నడుస్తుంటే మాత్రం అలా ఎత్తకూడదు, డేటాబేస్ చేతే డంప్ (కాపీ ఫైలు) తీసుకోవాలి. ఆ హార్డ్ డిస్కు ఓనరు గారి చేతిలో పెట్టి, ఇప్పుడు నేనేం పాడుచేసినా మీ 20వ తారీకు పని ఆగదు అన్నాను. అప్పుడు గానీ ఆయన కుర్చీలో కూర్చోలేదు.

లాగ్స్ చెప్పిన కథ

కాపీ అవుతున్నంతసేపు లాగ్స్ చదివాను. ఏపీటీ (ఉబుంటులో ప్యాకేజీలు వేసే, తీసే పనిముట్టు) టర్మ్ లాగ్‌లో స్పష్టంగా ఉంది: ఆటోమేటిక్‌గా అప్‌డేట్లు వేసే అన్‌అటెండెడ్-అప్‌గ్రేడ్స్ తనంతట తాను కొత్త కెర్నల్ తెచ్చింది, కెర్నల్ ఫైలు బూట్‌లోకి కాపీ అయింది, ఇనిట్‌ఆర్‌డీ రాస్తుంటే నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్, ఇనిట్‌ఆర్‌డీ కట్టే అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ ఫెయిల్. ఆ తర్వాత ఇంకో ప్యాకేజీ వచ్చినప్పుడు అప్‌డేట్-గ్రబ్ నడిచింది, దానికి బూట్‌లో కొత్త కెర్నల్ కనిపించింది, పక్కన ఇనిట్‌ఆర్‌డీ లేదు, అయినా ఇనిట్‌ఆర్‌డీ లైను లేకుండానే ఎంట్రీ రాసేసి, వెర్షన్ పెద్దది కాబట్టి దాన్నే డిఫాల్ట్ చేసింది.

ఇదంతా జరిగింది కరెంటు పోయిన రాత్రి కాదు, దానికి దాదాపు మూడు వారాల ముందు. ఆ మూడు వారాలూ మెషీను ఆపలేదు, మెమరీలో ఉన్న పాత కెర్నల్‌తోనే నడుస్తూ ఉంది, స్క్రీన్ మాత్రం రాత్రిళ్ళు ఆపేవాళ్ళు. కరెంటు పోయి ఇన్వర్టరు కూడా చేతులెత్తేసిన రోజు మొదటిసారి రీబూట్ అయింది, అప్పుడు బయటపడింది. కరెంటు డిస్కుని చంపిందని అందరూ అనుకోవడంలో వింతేమీ లేదు, కళ్ళ ముందు జరిగింది అదే కదా. అందుకే బూట్ అవ్వని ఏ మెషీను దగ్గరైనా నేను రెండు తేదీలు రాసుకుంటాను, ఆఖరిసారి బాగా లేచింది ఎప్పుడు, ఆ తర్వాత ఏమేం మారాయి. జర్నల్ అనే సిస్టమ్ లాగ్‌లో బూట్ల లిస్టు చూస్తే మొదటిది, ఏపీటీ హిస్టరీ చూస్తే రెండోది దొరుకుతాయి. ఎప్పుడు పాడైందని క్లయింటుని అడిగితే ఎప్పుడు కనపడిందో చెప్తారు, వాళ్ళకి తెలిసింది అదే.

కుర్రాడి ఇనిట్‌ఆర్‌డీ ఎందుకు పనిచెయ్యలేదు

ఈ కేస్‌లో అసలు విషయం ఇది, దీనికోసమే ఇంత రాస్తున్నాను.

అతను లైవ్ యూఎస్‌బీలో ఫైల్స్ యాప్ తెరిచి, ఆ డిస్కు మీద క్లిక్ చేసి, పాస్‌ఫ్రేజ్ కొట్టి తాళం తీసాడు. సుఖమైన పద్ధతి, డేటా కాపీ చేసుకోవడానికైతే అదే చాలు. కానీ అలా తెరిస్తే ఆ తెరిచిన డిస్కుకి లక్స్ అనే మాట, దాని వెనక పొడుగాటి యూయూఐడీ (డిస్కు గుర్తింపు సంఖ్య) కలిపి ఒక పేరు పెడుతుంది. ఏ తాళం డిస్కుని ఏ పేరుతో తెరవాలో రాసి ఉండే, ఈ సిస్టమ్ లోపలి క్రిప్ట్‌ట్యాబ్ ఫైల్లో మాత్రం పేరు ఎస్‌డీఏ3_క్రిప్ట్ అని ఉంది. సీహెచ్‌రూట్‌లో ఇనిట్‌ఆర్‌డీ తయారుచేసే స్క్రిప్టు ఏం చేస్తుందంటే, ఇప్పుడు రూట్ ఏ డివైస్ మీద కూర్చుందో చూసి, దాని పేరు క్రిప్ట్‌ట్యాబ్‌లో వెతుకుతుంది. దొరికితే తాళం తీసే పనిముట్లు, వివరాలు ఇనిట్‌ఆర్‌డీలో పెడుతుంది. దొరక్కపోతే, టార్గెట్ నాట్ ఫౌండ్ ఇన్ క్రిప్ట్‌ట్యాబ్ అని ఒక వార్నింగ్ ఇచ్చి, పనిముట్లు లేకుండానే ఇనిట్‌ఆర్‌డీ కట్టేసి, పని అయిపోయింది అంటుంది. ఎర్రర్ కాదు, ఉట్టి వార్నింగ్. కుర్రాడు వదిలేసింది దాన్నే. నా మట్టుకు ఇలాంటిచోట స్క్రిప్టు ఆగిపోవాలి, రూట్ తాళం డిస్కు మీద ఉందని దానికి తెలుసు కదా, తెలిసి కూడా లేవని ఇనిట్‌ఆర్‌డీ చేసి ఇవ్వడం ఏం మర్యాద.

బూట్ పార్టిషన్ మౌంట్ చెయ్యకముందు రూట్ లోపలి బూట్ ఫోల్డరు చూస్తే అక్కడ కూడా 100 ఎంబీ పైన ఉన్న ఇనిట్‌ఆర్‌డీ ఒకటి పడుంది. ఖాళీగా ఉండాల్సిన ఫోల్డరు అది. అంటే మొదటి ప్రయత్నంలో అతను బూట్ పార్టిషన్ మౌంట్ చెయ్యడం మర్చిపోయాడు, ఫైలు తప్పుచోట తయారైంది, గ్రబ్ దాన్ని ఎప్పటికీ చూడదు. రెండో ప్రయత్నంలో మౌంట్ చేసాడు. అడిగితే అవునన్నాడు, "మొదటిసారి ఏం మారలేదన్నా, మళ్ళీ చేసా" అని.

పనిచేసింది ఏంటి

ముందు తెరిచిన తాళం మూసేసాను: మౌంట్లు తీసి, ఎల్‌వీఎం కమాండు వీజీఛేంజ్‌తో వాల్యూమ్ గ్రూప్‌ని డీ-యాక్టివేట్ చేసి, క్రిప్ట్‌సెటప్ క్లోజ్. ఎల్‌వీఎం డీ-యాక్టివేట్ చెయ్యకుండా క్లోజ్ కొడితే డివైస్ బిజీ అని మొండికేస్తుంది. తర్వాత క్రిప్ట్‌ట్యాబ్‌లో ఉన్న పేరు ఎస్‌డీఏ3_క్రిప్ట్‌తోనే మళ్ళీ తెరిచాను. వీజీఛేంజ్‌తో యాక్టివేట్, రూట్‌ని ఎంఎన్‌టీ ఫోల్డరు మీద, రెండో పార్టిషన్‌ని దాని లోపలి బూట్ మీద, మొదటిదాన్ని బూట్ లోపలి ఈఎఫ్ఐ మీద మౌంట్. తర్వాత డెవ్, ప్రాక్, సిస్, రన్ నాలుగూ బైండ్ మౌంట్, అంటే లైవ్ సిస్టమ్‌వే లోపల కూడా కనపడేలా. రన్‌ని చాలామంది వదిలేస్తారు, కానీ ఉబుంటులో డీఎన్ఎస్ (సైట్ల పేర్లని అడ్రసులుగా మార్చేది) సెట్టింగు ఫైలు రన్ లోపలికే లింకై ఉంటుంది, అది లేకపోతే సీహెచ్‌రూట్ లోపల ఏపీటీకి నెట్ దొరకదు. లైవ్ యూఎస్‌బీలో డాంగిల్ పనిచెయ్యదు కాబట్టి నా ఫోన్ కేబుల్ పెట్టి యూఎస్‌బీ టెథరింగ్‌తో నెట్ ఇచ్చాను.

లోపలికెళ్ళాక వెంటనే ఇనిట్‌ఆర్‌డీ కట్టలేదు. ముందు ప్యాకేజీల లెక్క సరిచెయ్యాలి, ఎందుకంటే కుర్రాడు ఫైళ్ళు ఆర్ఎమ్‌తో తీసాడు కానీ ప్యాకేజీల చిట్టా చూసుకునే డీపీకేజీ దృష్టిలో ఆ అయిదు పాత కెర్నళ్ళూ ఇంకా ఇన్‌స్టాల్ అయ్యే ఉన్నాయి. అలాగే వదిలేస్తే తర్వాతి అప్‌డేట్‌లో వాటికి కూడా ఇనిట్‌ఆర్‌డీలు కట్టడానికి చూసి బూట్‌ని మళ్ళీ నింపెయ్యొచ్చు. అందులో నాలుగింటిని ఏపీటీ పర్జ్‌తో పూర్తిగా తీసేసాను, మాడ్యూల్స్ ప్యాకేజీలతో సహా. అయిదోదాన్ని ఉంచి రీ-ఇన్‌స్టాల్ చేసాను. ఏది ఉంచాలన్నది జర్నల్ చూసి తేల్చుకున్నాను, ఆ మూడు వారాలూ ఏ కెర్నల్ మీద మెషీను ఇబ్బంది లేకుండా నడిచిందో అదే. లిస్టులో కొత్తదానికి ముందు నంబరు కదా అని ఉంచెయ్యడం కంటే, ఈ హార్డ్‌వేర్ మీద నడిచినట్టు రుజువున్నదాన్ని ఉంచుకోవడం నయం. తర్వాత డీపీకేజీ కాన్ఫిగర్ మైనస్ ఏ, సగంలో ఆగిన ప్యాకేజీలన్నీ పూర్తయ్యాయి. రూట్ లోపల తప్పుచోట పడున్న ఇనిట్‌ఆర్‌డీని బూట్ పార్టిషన్ అన్‌మౌంట్ చేసి తీసేసి, మళ్ళీ మౌంట్ చేసాను.

అప్పుడు రెండు కెర్నళ్ళకీ అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్, అప్‌డేట్-గ్రబ్. ఈసారి వార్నింగ్ రాలేదు. వార్నింగ్ రాలేదని సరిపెట్టుకోకుండా, రీబూట్ కొట్టే ముందే ఎల్ఎస్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌తో ఆ ఫైళ్ళని తెరిచి క్రిప్ట్‌సెటప్ అన్న మాట వెతికాను. ప్రోగ్రామూ ఉంది, క్రిప్ట్‌రూట్ ఫోల్డర్లో క్రిప్ట్‌ట్యాబ్ కాపీ కూడా ఉంది, అందులో సరైన పేరూ ఉంది. ఈ ఒక్క చెక్ కుర్రాడు చేసుంటే రీబూట్ చెయ్యకుండానే దొరికిపోయేది. రెండో చెక్ గ్రబ్ కాన్ఫిగ్‌లో, ప్రతి లైనక్స్ లైను కింద ఇనిట్‌ఆర్‌డీ లైను ఉందా లేదా అని.

రీబూట్, పాస్‌ఫ్రేజ్ అడిగింది, గుమస్తా గారు డైరీ తీసారు, లేచింది. మరియాడీబీ లేవగానే కరెంటు పోయిన రాత్రి సగంలో ఆగిన ట్రాన్సాక్షన్లని తనే సరిచేసుకుంది, ఆఖరి రోజు బిల్లులు పుస్తకంతో పోల్చి చూసుకున్నారు, సరిపోయాయి. తర్వాత గ్రబ్‌లోంచి పాత కెర్నల్‌తో కూడా ఒకసారి లేపి చూసాను. ఫాల్‌బ్యాక్ అని పెట్టుకున్నది నిజంగా లేస్తుందో లేదో చూడకుండా వెళ్ళిపోతే అది పెట్టుకున్నట్టు కాదు.

మరి అన్ని కెర్నళ్ళు ఎందుకు పోగయ్యాయి

మెషీను లేచింది కదా అని ఇక్కడ ఆగిపోతే ఇంకొన్ని నెలలకి అదే ఫోన్ మళ్ళీ వచ్చేది. ఉబుంటులో అన్‌అటెండెడ్-అప్‌గ్రేడ్స్ వాడకంలో లేని పాత కెర్నళ్ళని మామూలుగా తనే తీసేస్తుంది, నడుస్తున్నదీ కొత్తదీ మాత్రం ముట్టుకోదు. మరి ఇక్కడెందుకు తియ్యలేదు? ఏపీటీ-మార్క్ షో-మాన్యువల్ కొడితే జవాబు దొరికింది, ఆ కెర్నళ్ళలో ఎక్కువ భాగం మాన్యువల్ అని గుర్తు పెట్టి ఉన్నాయి. డాంగిల్ డ్రైవరు కొత్త కెర్నల్‌తో ఆగిపోయినప్పుడల్లా ఎవరో ఒకరు వచ్చి ఫలానా వెర్షన్ కెర్నల్, దాని హెడర్లు పేరుపెట్టి ఇన్‌స్టాల్ చేసి వెళ్ళారు. మనిషి పేరుపెట్టి అడిగి తెచ్చుకున్న ప్యాకేజీని ఏపీటీ తనంతట తాను తియ్యదు, అది దాని ధర్మం. దానికి తోడు డీకేఎంఎస్ బిల్డ్ అయినప్పుడల్లా బూట్‌లో ఓల్డ్-డీకేఎంఎస్ అన్న తోకతో పాత ఇనిట్‌ఆర్‌డీ కాపీలు మిగిలాయి, టర్మ్ లాగ్‌లో వాటి జాడ ఉంది. మొత్తానికి దోషం అప్‌డేట్‌ది కాదు, వైఫై డాంగిల్‌ది. ఏపీటీ-మార్క్ ఆటోతో మిగిలిన పాత కెర్నల్ గుర్తు మార్చాను, వెనకింటి నుంచి గోడ వెంట లాన్ వైరు లాగించాం, డాంగిల్ డ్రైవరు తీసేసాం. డీకేఎంఎస్ ఆ మెషీన్లో ఇప్పుడు లేనే లేదు.

బూట్ పార్టిషన్ పెద్దది చేద్దామా అని కుర్రాడు అడిగాడు, మంచి ప్రశ్నే. దాన్ని ఆనుకునే లక్స్ పార్టిషన్ మొదలవుతుంది, పెంచాలంటే దాన్ని జరపాలి, అంత సర్జరీ ఎందుకు? రెండు కెర్నళ్ళూ, అప్‌డేట్ వచ్చినప్పుడు మూడోదీ కలిపినా 400 ఎంబీ దాటదు. ఇనిట్‌ఆర్‌డీలో మాడ్యూల్స్ తగ్గించే సెట్టింగు కూడా ఉంది, మోస్ట్ బదులు డెప్ అని పెడితే ఫైలు బాగా చిన్నదవుతుంది, కానీ రేపు మదర్‌బోర్డు పోయి ఈ డిస్కుని వేరే మెషీన్లో పెడితే లేవకపోవచ్చు. అక్కడ మెషీన్లు ఎలా మారతాయో చూసాక అది వద్దనుకున్నాను.

"ఆ అప్‌డేట్లే ఆపీండి బాబూ"

ఓనరు గారి ఆఖరి కోరిక ఇది. నేను ఒప్పుకోలేదు. నెట్‌లో ఉండే మెషీను, దాన్లో బ్యాంకు లాగిన్లు కూడా తెరుస్తారు, సెక్యూరిటీ ప్యాచ్‌లు ఆపితే అది వేరే రకం ప్రమాదం, పైగా కనపడని రకం. కెర్నల్ మీద హోల్డ్ పెట్టొచ్చు (అప్‌డేట్ అవ్వకుండా ఆపొచ్చు), కానీ హోల్డ్ పెట్టినవాళ్ళు తర్వాత తీసినట్టు నేనైతే చూడలేదు. ఆయన వాదనలో న్యాయం లేకపోలేదు, ఆయనకి కావాల్సింది సీజన్లో మెషీను ఆగకపోవడం. అందుకని అప్‌డేట్లు ఉంచి, రీబూట్ మన చేతిలోకి తెచ్చుకున్నాం. రీబూట్ రిక్వైర్డ్ అని సిస్టమ్ చెప్పిన వారంలో, గిరాకీ తక్కువుండే పూట, గుమస్తా గారు ముందు డీఎఫ్ (ఖాళీ చోటు చూపించే కమాండు) కొట్టి బూట్‌లో 250 ఎంబీ అయినా ఖాళీ ఉందా చూసి, డేటాబేస్ డంప్ బయటి డిస్కుకి తీసి, అప్పుడు కావాలనే రీబూట్ చేస్తారు. పాడయ్యేదేదో ఉంటే పగటిపూట, పాత కెర్నల్ ఇంకా పక్కనే ఉండగా, నేను ఫోన్ ఎత్తే టైములో బయటపడుతుంది. గ్రబ్ మెనూ దాచకుండా అయిదు సెకన్లు కనపడేలా పెట్టాను, ఎస్కేప్ కోసం వేటాడక్కర్లేదు. ఇన్వర్టరు బ్యాటరీ మార్చమని కూడా చెప్పాను, అది ఇంకా మార్చలేదు.

ఈమధ్య ఇంకో కెర్నల్ వచ్చింది. గుమస్తా గారు డీఎఫ్ రిజల్టు ఫొటో తీసి నాకు పంపి, రీబూట్ చేసి, లేచిందని మెసేజ్ పెట్టారు. పాస్‌ఫ్రేజ్ ఉన్న డైరీ ఎక్కడుందో ఓనరు గారికి కూడా చూపించమని నేను తిరిగి రాసాను.